నేను తినకుండా చెప్పిన హోటలు

ఆ శనివారం నేను చేసిన తప్పు ఒక చిన్న మాటతో మొదలైంది. ఒక హోటలు చెప్పి, "నిన్న కూడా ఆడే తిన్నాను" అన్నాను. తినలేదు. ఆ హోటల్లో నేను ఇస్తరి ముందు కూర్చుని ఏడాది దాటింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. తిరుపతిలో ఒక బస్సు కంపెనీ ఆఫీసులో టిక్కెట్లు రాసేవాణ్ణి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బండి వెనక తగిలించిన పొయ్యి రాజుకోవడానికి చాలాసేపు పట్టేది. ఆలోపు కొండ దిగి వచ్చిన జనం నా కిటికీ దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే, అన్నం ఎక్కడ బాగుంటుందని.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంలో నన్ను మించినవాడు ఆ వీధిలో లేడు. ఇప్పుడడిగినా చెబుతాను. చారు కోసమైతే రైలు స్టేషను ఎదుటి హోటలుకు పోవాలి. మిరియాలు అప్పటికప్పుడు దంచి వేసేవాళ్లు. అయితే తొలి పంక్తిలోనే కూర్చోవాలి, ఆలస్యమైతే ఆ చారే నీళ్లయిపోయేది. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఒక ముసలామె ఇంట్లోనే వండి పెట్టేది. ముందురోజు చెప్పి ఉంచితే ఆమె చేతి వంకాయ పులుసుకూర దొరికేది. చిత్తూరు కోర్టు పనిమీద పోయేవాళ్లకు అక్కడి మిలిటరీ హోటలు చెప్పేవాణ్ణి. మా ఇంట్లో మాంసం ముట్టరు. తిని వచ్చిన గుమాస్తాల ముఖాలు చూసి చెప్పడమే. బంగారుపాళ్యం మీదుగా పోయేవాళ్లకు మామిడికాయల కాలంలో రోడ్డు పక్క పాకలో రాగిసంగటి, మామిడికాయ పప్పు. ఏ హోటల్లో ఎవరిని లోపలి గదిలోకి రానిస్తారో, ఎవరిని వసారాలోనే కూర్చోబెడతారో కూడా నాకు తెలుసు. ఆ పద్ధతి తప్పని తోచలేదు. తెలిసినందుకు గర్వపడ్డాను.

నేను మాత్రం మధ్యాహ్నం తినేది మా ఆవిడ పంపే కారియరే. మాది గుడి కైంకర్యం చేసుకునే ఇల్లు. మా వంటింట్లోకి ఉల్లిపాయ రాదు.

ఆ రోజు నా కిటికీ దగ్గరికి, నగరి నుంచి కొండకు వచ్చి దర్శనం చేసుకుని దిగిన ఒక నేతగాడు, అతని భార్య వచ్చారు. ఇద్దరూ నాకంటే పెద్దవాళ్లు. అతని కుడిచేయి విరిగితే పుత్తూరులో కట్టు కట్టించారు. వెదురుబద్దల కట్టుతో చేయి మెడకు వేలాడుతోంది. అది సరిగా అతుక్కోకపోతే ఆ ఇంట్లో మగ్గం ఆడించేవాడు లేడు. అందుకని కట్టు విప్పేదాకా ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటానని ఆమె మొక్కుకుంది. ఒక్కపొద్దంటే రోజుకు ఒక్కసారే భోజనం. అందులో ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. ఇస్తరి ముందు నుంచి లేస్తే ఆ రోజుకు అంతే.

ఉల్లి వెయ్యని హోటలు చెప్పమని ఆమె అడిగింది. పూలబజారు మూలన ఉన్న హోటల్లో వంటాయన ఉల్లిపాయను గడప దాటనిచ్చేవాడు కాదు. తడుముకోకుండా అదే చెప్పాను. నిజమేనా అని ఆమె మళ్లీ అడిగింది. అప్పుడే ఆ అబద్ధం ఆడాను.

బొగ్గు రాజుకోకముందే ఇద్దరూ తిరిగొచ్చారు. మొదట నేతగాడే మాట్లాడాడు. "సాంబారుకు వంక పెట్టేదానికి లేదప్పా. నేను రెండుతూర్లు పోయించుకున్నా. మా ఆడమనిషే తొలిముద్ద ఊసేసి లేసొచ్చినాది."

నవ్వుతూనే అన్నాడు కానీ ఎడమచేత్తో కట్టును తడుముకుంటున్నాడు.

ఆ పాత వంటాయన ఎప్పుడో మద్రాసు వెళ్లిపోయాడట. కందిపప్పు దొరకని కాలం కదా, కొత్తగా వచ్చినతను చిక్కదనానికి ఉల్లిపాయలు నూరి సాంబారులో కలుపుతున్నాడు. కంటికి కనబడదు. నోట్లో పెట్టుకుంటేనే తెలుస్తుంది.

గుడి వెనక ముసలామెను బతిమాలి వండిస్తానన్నాను. నేతగాడి భార్య తల అడ్డంగా ఊపింది.

"లేసినాక మళ్లా కూసుంటే అది రెండో పొద్దు నాయనా. నిజం చెప్పు, నువ్వు నిన్న ఆడ తిన్నావా?"

"లేదమ్మా."

తిట్టలేదు. భర్త చేతివైపు చూసి, "వచ్చే శనివారం కట్టు ఇప్పుతారు. ఆ పొద్దన్నా సక్కంగా జరగాల" అని మాత్రం అని, వెళ్లి బస్సులో కూర్చుంది.

బస్సు పోయాక నా బల్ల కింద కారియరు కనబడింది. ఆమె అడిగిన భోజనం అందులోనే ఉంది. ఊళ్ళో హోటళ్లన్నీ తలచుకున్నవాణ్ణి దాన్ని తలచుకోలేదు. దాన్ని అలాగే ఇంటికి పట్టుకుపోయాను.

మూత తియ్యని కారియరు చూసి మా ఆవిడ సంగతేమిటని అడిగింది. దాచకుండా చెప్పాను. ఊళ్ళోవాళ్ల వంటలన్నీ పొగిడే నోటితో ఇంటి వంట ఒక్కరికన్నా చెప్పారా అని దెప్పింది. దెప్పి, వచ్చే శనివారానికి తానే వండి ఇస్తానంది.

ఆ వారమంతా పని ముగిశాక హోటలు హోటలుకూ పోయి, దేంట్లో ఏమి వేస్తున్నారో వంటవాళ్లను అడిగాను. మారినవి ఇంకా ఉన్నాయి. శనివారం సెలవు పెట్టి, కారియరు పట్టుకుని మొదటి బస్సులో పుత్తూరు పోయాను.

కట్టు విప్పించుకోవడానికి వచ్చినవాళ్ల వరసలో వాళ్లిద్దరూ కూర్చుని ఉన్నారు. ఇక ఎవరి వంటా నమ్మలేక ఆమె అరటిపండ్లు మూట కట్టుకుని వచ్చింది. నేను కారియరు విప్పి, మా ఇంటి వంట అని చెప్పాను. ఆమె వెంటనే చెయ్యి చాపలేదు.

"దీన్నన్నా తిన్నావా?"

"లేదమ్మా. ఈ పొద్దు నాకూ ఒక్కపొద్దే."

"అయితే ముందు నువ్వు తిను."

వాళ్ల ఎదుటే ఆకు వేసుకుని కూర్చున్నాను. పులుసన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని మింగేదాకా ఆమె నా ముఖం చూస్తూనే ఉంది. తరువాత తనూ ఒక ఆకు పరచుకుంది. చివరికి మజ్జిగ కూడా పోయించుకుని, తృప్తిగా లేచింది.

మధ్యాహ్నం కట్టు విప్పారు. సన్నబడిన ఆ చేతి వేళ్లు మెల్లగా ముడుచుకుని, మెల్లగా తెరుచుకున్నాయి. బరువు ఎత్తొద్దని చెప్పినా వినకుండా, నేతగాడు కడిగిన ఖాళీ కారియరును ఆ చేత్తోనే పట్టుకుని బస్సుదాకా తెచ్చి నాకు అందించాడు.