సేనాపతి చావు ఎవరూ రాయలేదు

సౌదీలో అల్ ఉలా ఊరు దాటాక ఎడారిలో పాత కోట గోడలు తవ్వుతున్న క్యాంపులో నేను జనరేటర్ మెకానిక్‌ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. క్యాంపుకు నీళ్లు, డీజిల్ మోసే పికప్ డ్రైవర్‌ది హైదరాబాద్ పాతబస్తీ. ఆయన అమ్మమ్మ ఊరు కరీంనగర్ దిక్కు కావడంతో మాలాగే తెలుగు మాట్లాడేవాడు. యాభై దాటిన మనిషి, షుగర్ ఉంది. చరిత్రలో ఎమ్మే చదివి, ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క, ఇరవై ఏళ్ల నుంచి సౌదీలో బండి నడుపుతున్నాడు. నేను భాయ్ అనేవాణ్ని. ఆయన తమ్మీ అనేవాడు.

తవ్వకాల్లో లాటిన్ అక్షరాలున్న రాయి ఒకటి బయటపడిన రోజు ఆయన సంబరం చూడాలి.

"రోమ్ ఫౌజు ఈడిదాక వచ్చింది తమ్మీ! రెండు వేల ఏండ్ల కింద!"

అక్కడి పరిశోధకురాలు ఒకావిడ ఆయనకు ఒక ఇంగ్లిషు పుస్తకం ఇచ్చింది. భోజనాల వేళ బండిలో ఏసీ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని అదే చదివేవాడు. అందులోని ఒక సేనాపతి కథ నాకు దారిపొడుగునా ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. ఆ సేనాపతి రోమ్ తరఫున ఈజిప్టును ఏలినవాడు. అరబ్బుల దక్షిణ దేశంలో సాంబ్రాణి, బంగారం ఉన్నాయి, పోయి పట్టుకురమ్మని చక్రవర్తి పంపాడు. వచ్చేటప్పుడే సముద్రంలో ఎన్నో ఓడలు పోయాయి. ఒడ్డుకు దిగేసరికి సైనికులకు నోట్లో పుండ్లు లేచాయి, కాళ్లు చచ్చుబడిపోయాయి. ఒక ఎండాకాలం, ఒక చలికాలం అక్కడే పడి ఉన్నారు. తర్వాత ఇక్కడి రాజు దగ్గర మంత్రి ఒకడు దారి చూపిస్తానని ముందు నడిచాడు. వాడు తీసుకుపోయిన దారిలో నీళ్లే లేవు. ఒంటెల మీద మోసుకుంటూ నడిచారు.

"కావాలనే తిప్పిండా వాడు?" అని అడిగాను.

"పుస్తకం అట్లనే అంటది. కానీ ఆ కాలంల ఇదంత రాసినోడు సేనాపతికి దోస్తు. దోస్తు తప్పు ఎందుకు రాస్తడు? దారి చూపినోని మీదనే పెడ్తడు."

ఇది జరిగిన రెండు వారాలకు, జులైలో, పొద్దున్నే మేనేజర్ ఫోన్ చేశాడు. నలభై కిలోమీటర్ల అవతల రెండో క్యాంపులో జనరేటర్ ఆగింది, నీళ్ల మోటార్ నడవడం లేదు, వెంటనే వెళ్లమన్నాడు. రోడ్డు మరమ్మతులో ఉంది కాబట్టి ఎండిన వాగు దారిన పొమ్మన్నాడు. భాయ్ ఫోన్‌లో రెండుసార్లు చెప్పాడు, అక్కడ ఇసుక మెత్తగా ఉంటుంది, బండి దిగబడుతుందని. అవతల వినలేదు.

తొమ్మిదింటికి బండి ఇరుసుల దాకా దిగబడింది. చేతులతో ఇసుక తోడాం, టైర్ల కింద చాపలు వేశాం. ఇంజిన్ వేడెక్కి ఆవిరి కక్కింది. నేను మెకానిక్‌ని. ఆలోచించకుండా, బండిలో ఉన్న ఒక్క తాగే నీళ్ల క్యాన్ ఎత్తి రేడియేటర్‌లో పోశాను. కింద గొట్టం చీలి ఉంది. పోసినవి పోసినట్టు ఇసుకలోకి కారిపోయాయి. చూసేసరికి క్యాన్ ఖాళీ.

భాయ్ సీటు వెనక వెతికి ఒక నీళ్ల సీసా తీశాడు. అదే మిగిలింది. ఫోన్లకు సిగ్నల్ లేదు.

పదకొండు దాటాక నాకు మతి నిలవలేదు. దూరంగా ఒక గుట్ట కనిపిస్తోంది. ఎక్కితే సిగ్నల్ వస్తుందని లేచాను. ఆయన నా చొక్కా పట్టి లాగాడు.

"బండి ఇడిచిపోతే సస్తవు. బండినైతే ఎవడన్న చూస్తడు, నిన్నెవడు చూస్తడు? కూసో."

"ఇక్కడ కూసున్నా సస్తం గదా భాయ్!"

"కూసో. సేనాపతి సంగతి మొత్తం వినలే నువ్వు."

బండి నీడ జానెడుంది. కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. ఆయన ఆగి ఆగి చెప్పాడు. ఆ ఫౌజు ఆరు నెలలు నడిచింది. దారిలో ఊళ్లు గెలిచింది. చివరికి ఒక కోట ముందు ఆరు రోజులు కాచుకుంది. నీళ్లు లేక వెనక్కి తిరిగింది. సాంబ్రాణి దేశం ఇంకో రెండు రోజుల దూరమేనని పట్టుబడ్డవాళ్లు చెప్పారట. తిరుగు ప్రయాణం అరవై రోజుల్లో అయిపోయింది.

"అంటే దగ్గరి దారి ముందు నుంచే ఉన్నదా?"

"ఉన్నది. కొట్లాటల్ల సచ్చింది ఏడుగురే అని రాసిండ్రు. మిగిలిన జనమంత ఆకలికి, దూపకు, రోగానికి పోయిండ్రు. దారి చూపినోని తల రోమ్‌ల నరికిండ్రు."

"మరి సేనాపతి?"

"ఈజిప్ట్ నౌకరి పోయింది. ఆ తర్వాత ఏడున్నడో, ఎట్ల సచ్చిండో, ఎవ్వరు రాయలే. దోస్తు గూడ రాయలే. కొట్లాటల సచ్చుంటే రాసెటోళ్లు. ఓడి ఇంటికి పోయినోని సావు ఎవనికి కావాలె తమ్మీ?"

మధ్యమధ్యలో సీసా ఎత్తి, నోటికి పెట్టుకుని, నాకు అందించేవాడు. నాలుగోసారి నేను గమనించాను. సీసా ఎత్తుతున్నాడు గాని ఆయన గొంతు కదలడం లేదు. నీళ్లన్నీ నేనే తాగుతున్నాను. తాగమని కేకలేశాను. "తాగిన, తాగిన" అన్నాడు.

రెండింటికి ఆయన ఒంటి మీద చెమట ఆగిపోయింది. చెయ్యి పెడితే పెనంలా ఉంది. మాట ముద్దముద్దగా వచ్చింది. నన్ను చూసి తమ్ముడి పేరుతో పిలిచాడు, తలుపు మూసిరమ్మన్నాడు. అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లు నోట్లో పోస్తే పెదవి పక్క నుంచి కారిపోయాయి. నా బనియన్ విప్పి విసిరాను. వేడి గాలే తగిలింది. ఎండలోకి వచ్చి అరిచాను. మా వాళ్ల దేవుళ్లను, ఆయన దేవుణ్ని, అందరినీ పిలిచాను.

మేము చేరలేదని రెండో క్యాంపు వాళ్లు చెబితే, నీళ్ల ట్యాంకర్ నడిపే పఠాన్ ఒకాయన వెతుక్కుంటూ వచ్చేసరికి నాలుగైంది. ట్యాంకర్ క్యాబిన్‌లో భాయ్ తల నా ఒళ్లో ఉంది. రోడ్డెక్కకముందే ప్రాణం పోయింది. పఠాన్ బండి ఆపి, చేత్తో ఆయన కళ్లు మూసి, ఏదో చదివాడు.

మూడో రోజు మేనేజర్ నా ముందు అరబ్బీ కాగితం పెట్టాడు. ఏముందని అడిగితే క్లర్క్ హిందీలో చదివాడు: డ్రైవర్ రోడ్డు వదిలి సొంత నిర్ణయంతో వెళ్లి దారి తప్పాడు. వాగు దారిన పొమ్మన్నది మీరే కదా అన్నాను. మేనేజర్ కోప్పడలేదు. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, ఆ నెల కొత్తది చేయించాలని మాత్రం క్లర్క్‌కు గుర్తుచేశాడు. ఇఖామా లేకుంటే ఇక్కడ నేను మనిషినే కాదు. సంతకం పెట్టాను.

భాయ్ దారి తప్పలేదు. నీళ్లు పారబోసింది నేను. ఆయన వాటా తాగింది కూడా నేనే.

ఇంటివాళ్లు ఒప్పుకుంటే అక్కడే ఖననం చేశారు. నేనూ మూడు దోసిళ్ల మట్టి వేశాను. సాయంత్రం ఆయన భార్య ఫోన్ చేసింది. ఎంతోసేపు ఏడ్చి, చివరికి ఉర్దూలో ఒకటే అడిగింది, పోయే ముందు నీళ్లు తాగాడా అని.

"పియే భాభీ, పియే," అన్నాను.

ఆమె నాకు దీవెనలిచ్చింది. నేను గోడకు ఆనుకుని విన్నాను. తర్వాత, ఆయన కళ్లద్దాలు ఉంటే పంపమంది. శవాన్ని ఉంచిన ఆసుపత్రిలో అడిగాను, క్యాంపులో వెతికాను. దొరకలేదు. ఆమె మళ్లీ రెండుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.