మెత్తని సరంగు కొత్త పడవ

ఆ రేవులో ఆయన్ని అందరూ మెత్తని సరంగు అనేవారు. మనిషి మెత్తనే, కానీ పేరొచ్చింది పడవను ఒడ్డుకు చేర్చే తీరు వల్ల. ముప్పై ఏళ్లు లాంచీ నడిపాడు. రేవు ఇంకా దూరంగా ఉండగానే ఇంజిన్ తగ్గించేసి, ఆ ఊపుమీదే జార్చుకుంటూ తెచ్చి, నిద్రపోయిన బిడ్డను పక్కమీద దించినట్టు ఆనించేవాడు. అవతలి ఒడ్డున ఆసుపత్రి ఉంది. ఎక్కేవాళ్లలో సగంమంది ఒంట్లో బాగాలేనివాళ్లే. "ఎక్కించుకునేది నేను, దించేది నువ్వు" అని రోజూ చక్రం ముట్టుకునే ముందు దేవుడితో ఒక మాట అనుకునేవాడు.

నీరు తగ్గి, నాచు పెరిగి, లాంచీని నెట్టే అడుగు పంకా మాటిమాటికీ చిక్కుకుపోతుంటే జెట్ బోటు తెచ్చారు. దీనికి పంకా బయటకు ఉండదు, చుక్కానీ లేదు. అడుగునుంచి నీళ్లు పీల్చి వెనకనుంచి ధారగా చిమ్ముతుంది. ఆ ధారను ఎటు మళ్లిస్తే పడవ అటు తిరుగుతుంది.

మొదటిరోజే అది రేవు చెక్కలను గుద్దింది. రెండోరోజూ అంతే. ఈ వారం చూద్దామని, కుదరకపోతే టికెట్ల కిటికీ దగ్గర కూర్చోమని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. టికెట్ల గుమస్తా మాత్రం, "రా బావా, ఇక్కడ కుర్చీ ఉంది. అది దేన్నీ గుద్దదు" అన్నాడు. సరంగు నవ్వాడు గానీ ఆ పూట అన్నం సహించలేదు.

కుర్చీ కన్నా పెద్ద బాధ మూడోరోజు చక్రం పైనున్న అద్దంలో కనిపించింది. రేవు దగ్గరపడుతుంటే వెనక జనం ఒక్కొక్కరే చడీచప్పుడు లేకుండా కడ్డీలు పట్టుకుంటున్నారు. ఆయన తల తిప్పితే వదిలేసి ఆకాశం వంక చూస్తున్నారు, ఆయన మనసు నొచ్చుకుంటుందని. తుంటి ఆపరేషనైన పెద్దావిడ కూడా అంతే. నాలుగు తిట్లు తిట్టినా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

మర్నాడు మధ్యాహ్నం మెకానిక్ అమ్మాయిని ఖాళీ పడవ ఎక్కించుకుని బయల్దేరాడు. ఆమె కాసేపు చూసి అడిగింది.

"బాబాయ్, దగ్గరకొచ్చేసరికి ఇంజిన్ పిడి మీద చెయ్యి వెనక్కి లాగేస్తారెందుకు?"

"వేగం తగ్గించొద్దూ?"

"వేగం తగ్గించండి, ధార తగ్గించకండి. దీనికి ధారే చుక్కాని. అదే ఆపేశాక చక్రం ఎంత తిప్పితే ఏం లాభం?"

ధార మీదకు దిగే మూత ఒకటి ఉంది. సగం దించితే నీరు కొంత ముందుకూ కొంత వెనక్కూ పోయి, ఇంజిన్ నడుస్తుండగానే పడవ ఉన్నచోట నిలుస్తుంది. నిలిచిందన్నమాటేగాని, కట్టు విప్పిన దూడలా అటూ ఇటూ ముక్కు తిప్పేది. ఆయన కంగారుగా చక్రం తిప్పితే ఇంకా ఎక్కువ తిరిగేది. "కొంచెం అడిగి ఆగండి. జవాబు రాకముందే మళ్లీ అడక్కండి" అంది ఆమె. సాయంత్రానికి పడవ మాట వినసాగింది. అయినా రేవు పక్కకొచ్చేసరికి చెయ్యి మళ్లీ వెనక్కే పోయింది.

"ఇంత మోత పెడితే రోగులు హడలిపోతారమ్మా. ఆ జాలికే చెయ్యి ఆగట్లేదు."

"ఆ సంగతి ఇంజిన్‌కేం తెలుసు బాబాయ్? వాళ్లకు మీరే చెప్పాలి."

ముప్పై ఏళ్లలో ఆయన ప్రయాణికులతో పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. శుక్రవారం పొద్దున పడవ నిండాక, చెవులు ఎర్రబడుతుండగా వెనక్కి తిరిగాడు.

"రేవు దగ్గర ఇంజిన్ గట్టిగా అరుస్తుంది. అరిచినంతసేపూ పడవ నా చేతిలో ఉన్నట్టే. మిమ్మల్ని భయపెట్టకూడదని దాని నోరు నొక్కి నేనే గుద్దించాను. మోత ఆగిందా, నా మొహమాటానికి పోకుండా కడ్డీ పట్టుకోండి."

"ఈ మాట మొదటిరోజే చెబితే నా అరచేతులు కాయలు కాసేవి కావు కదా నాయనా" అంది పెద్దావిడ. అందరూ నవ్వేశారు.

అవతలి రేవు దగ్గరపడింది. ఇంజిన్ గోల పెడుతోంది. చెయ్యి వెనక్కి పోదామని గుంజింది. పోనివ్వలేదు. మూత సగం దించి, చక్రాన్ని కొంచెం అడిగి ఆగాడు. ముక్కు తిరిగింది. మళ్లీ కొంచెం అడిగాడు. పడవ నడుము అంగుళం అంగుళంగా చెక్కలవైపు జరిగింది.

"ఇంకా ఎంతసేపు నాయనా?" అని పెద్దావిడ ఆ మోతలోనే కేకేసింది.

అప్పటికే తాడు కట్టేశారు.