చప్పుడు లేని డ్రమ్ములు

స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 6లో మా వరస క్వార్టర్లకు ఒక పద్ధతి ఉంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లు పడుకునే ముందు హెల్మెట్ గేటుకు తగిలిస్తారు. అది వేలాడుతున్నంతసేపూ చుట్టుపక్కల కుక్కర్ కూడా కూత వేయకూడదు. ఈ కట్టుబాటు నాకు నేర్పింది నాన్నే. అంత బుద్ధిగా నేర్చుకున్నందుకు ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలి.

నాన్న రోలింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు చేశారు. రిటైరయ్యేసరికి భుజానికి శాలువా దక్కింది, చెవులకు చెవుడు దక్కింది. పక్కన కూర్చుని అరిస్తే సగం అందుతుంది. మిషను పెట్టిస్తే ఈలలు వేస్తోందని తీసి సొరుగులో పడేశారు. నేను స్కూల్లో టీచర్‌ని. కాలేజీ రోజుల నుంచీ వాళ్లవీ వీళ్లవీ డ్రమ్ములు అడుక్కుని వాయించేదాన్ని. స్టేజి ముందు కూర్చుని చూసి, ఇంటికొచ్చాక నాన్న "బాగా ఊగినావమ్మా" అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన మీద కాదు, ఆ మిల్లు మీద. ఒక్కసారైనా నా వాయింపు ఆయన వినాలని నా ఆశ.

కిందటేడు డబ్బు కూడబెట్టి, ఆయన్ని వెంటబెట్టుకుని పక్క ఊరు దుర్గ్‌లో వాయిద్యాల కొట్టుకు వెళ్లాను. నా దగ్గరున్నదానికి రెండే దొరికాయి: ఎవరో వాడి అమ్మేసిన మామూలు డ్రమ్ సెట్టు, లేదా హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించే చిన్న ఎలక్ట్రానిక్ సెట్టు. దానికి స్పీకరు కావాలంటే మళ్లీ వేరే కొనాలి. పాత సెట్టు ముందు కూర్చుని కాలి పెడల్‌తో పెద్ద డ్రమ్ము మీద నాలుగు దెబ్బలు వేశాను. నాన్న దాని మీద అరచెయ్యి ఆనించారు. ఆయన ముఖం అలా విచ్చుకోవడం నేను ఎన్నేళ్లకు చూశానో!

"ఇది ఇనబడతందమ్మా," అన్నారు. "గుండెల్లోకి వచ్చెస్తంది."

ఆ మాట విన్నాక ఇంక ఆలోచించడానికి ఏముంది? నేను మాత్రం ఆలోచించాను. పక్క క్వార్టర్ గేటూ, దాని మీద పసుపు హెల్మెటూ కళ్లముందు మెదిలాయి. ఆ ఇంటావిడ నోటికి జడిశాను. ఊరందరి నిద్ర గురించి బెంగపడి, పక్కన నిలబడ్డ మనిషిని మరిచిపోయాను. ఎలక్ట్రానిక్‌ది కట్టమన్నాను. కొట్టతను "సహీ లియా, దీదీ" అని, సరైనదే తీసుకున్నానని మెచ్చుకున్నాడు. నాన్న అట్టపెట్టె ఎత్తుకున్నారు.

రెండు నెలలు తిరగకుండా పక్కింటాయన రిటైరయ్యాడు. ఆ రోజు వాళ్లు ధుమాల్ పార్టీని పిలిపించారు. లారీ నిండా డ్రమ్ములు, మా గేటు ముందే గంటసేపు వాయింపు. మూడో ఇంటి గేటుకు హెల్మెట్ వేలాడుతూనే ఉంది. ఎవడికి పట్టింది? మర్యాదంతా నా ఒక్కదానికే రాసిపెట్టి ఉంది కాబోలు. నాన్న గుమ్మంలో నిలబడి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, లారీ వెళ్లేదాకా కదల్లేదు.

మర్నాడు నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన చేస్తుంటే, నాన్న స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. కాసేపు నా చేతులు చూశారు. తర్వాత డ్రమ్ము బదులుండే రబ్బరు పలక మీద అరచెయ్యి ఆనించారు. నేను ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

"ఏటమ్మా, కరెంటు నేదా?" అన్నారు.

హెడ్‌ఫోన్ తీసి, "అవున్నాన్నా, పోయింది," అని అరిచాను.

ఆయన తలెత్తి, తిరుగుతున్న ఫ్యాను చూశారు. చెయ్యి తీసేశారు.