తిరిగే కుర్చీల పడవ

ముందే చెప్పేస్తున్నాను, ఇది మునిగిపోయిన పడవ కథ కాదు. ఆ పడవ ఇప్పటికీ నిక్షేపంగా తేలుతూనే ఉంది. మునిగింది నేను. అదీ నీళ్ళలో కాదు, పొడి గట్టు మీద, నా దగ్గర ఏసీ బాగుచేయించుకునే ఒక లాయరుగారి ఎదురుగా. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. ఆ వయసులో మనిషికి అన్నీ తెలుసు. తెలియనిది ఏదైనా మిగిలితే దానికి ఫోన్‌లో వీడియో ఉంటుంది.

నేను దోహాలో ఆరేళ్ళు ఏసీ మెకానిక్‌గా చేసి వచ్చి అమలాపురంలో చిన్న రిపేరు షాపు పెట్టుకున్నాను. మా అత్తవారిది ఐ.పోలవరం దగ్గర ఏటిగట్టు పక్క ఊరు. మా మామగారు నలభై ఏళ్ళు ఏట్లో విసురు వల వేసి బతికిన మనిషి. నేను తిరిగొచ్చిన ఏడాదే ఆయన చెక్క పడవ పాతబడి కారడం మొదలెట్టింది. ఒకసారి వల విసరడం, నాలుగుసార్లు వంగి డబ్బాతో నీళ్ళు తోడడం. అలా తోడి తోడి ఆయనకు నడుము పట్టేసింది. ఇక వంగే పని పెట్టుకోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పడంతో, వేట మానేసి అరుగు మీద కూర్చున్నారు.

ఆయన మామూలుగానే తక్కువ మాట్లాడతారు. వేట మానేశాక ఆ కాస్తా ఆగిపోయింది. పొద్దున్నే లేచి వల విప్పి, లేని చిరుగు కోసం వెతికి, మళ్ళీ మడిచి దండెం మీద వేసేవారు. అది చూసి అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం నా కంటపడింది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చున్నప్పుడు, ఎవరూ అడక్కుండానే, మావయ్యగారికి అల్యూమినియం పడవ నేను కొంటానని, ఆయన మళ్ళీ వేటకు వెళ్తారని ప్రకటించేశాను. మా ఆవిడ సుజాత నా కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. ఆ ముక్క నాకు బాగా తలకెక్కింది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. మా కోనసీమలో అల్లుడి మాటకు అత్తవారు ఎదురు చెప్పరు. పాయసంలో ఉప్పు తక్కువైందని అల్లుడు అన్నా సరే, లోపలికెళ్ళి ఉప్పు డబ్బా తెస్తారు. మా మామగారు ఈ మర్యాదలో మరీ గట్టివారు. పెళ్ళైనప్పటి నుంచి నా మాటకు ఆయన ‘ఆయ్’ తప్ప ఇంకో జవాబు చెప్పగా నేను వినలేదు. అదంతా నా తెలివికి దక్కుతున్న మెప్పనుకుంటూ హాయిగా బతికాను.

ఇక పరిశోధన మొదలైంది. నెలరోజులు షాపులో కూర్చుని విదేశాల్లో పడవలు ఎలా కొంటారో వీడియోలు చూశాను. పన్నెండడుగుల పడవ చిన్నది, చిన్న అలకే ఊగుతుంది. ఇరవై రెండడుగులది పెద్దది, మా ఏటి పాయల్లో మలుపు తిరగదు. కాబట్టి పదహారు, పద్దెనిమిది అడుగుల మధ్యరకమే సరైనదని తేల్చాను. ఆ వీడియోల్లో దొరలు టోపీలు పెట్టుకుని, మెత్తటి కుర్చీల్లో కూర్చుని, కుర్చీ ఎటు తిప్పితే అటు చేపలు పడుతున్నారు. ఒక్కరూ లేవడం లేదు. నడుము నొప్పి ఉన్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి? వాళ్ళ చేతిలో ఉన్నది గేలమనీ, మా మామగారి చేతిలో ఉండేది వల అనీ నెలరోజుల్లో ఒక్కసారీ నాకు తట్టలేదు.

ఒక నోట్‌బుక్కు కొని పడవలకు మార్కులు వెయ్యడం మొదలెట్టాను. నేల చదునుకు పది, అంచు ఎత్తుకు పది, నీడకు పది, ఇలా ఉంటే సీటుకు మాత్రం నలభై. అల్యూమినియం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. ఏసీలో సగం అదే కదా.

కాకినాడ దగ్గర అలాంటి పడవలు చేసే షెడ్డు ఉందని తెలిసి మామగారిని కారెక్కించుకుని వెళ్ళాను. మధ్యరకం పడవలు రెండు సిద్ధంగా ఉన్నాయి. మొదటిది ఉత్త డొప్ప. చదును నేల, రెండు అడ్డబల్లలు, వెనక ఇంజన్ తగిలించే చోటు, అంతే. రెండోదాన్ని చూస్తే పెళ్ళికొడుకు కారు గుర్తొచ్చింది. తిరిగే మెత్తటి కుర్చీలు నాలుగు, ముందు గాలి కొట్టకుండా అద్దం, స్టీరింగు, గేలపు కర్రలు గుచ్చుకునే గొట్టాలు, వెనక వేసి తీసుకునే గుడ్డ టాపు.

మామగారు ముందు డొప్ప పడవ ఎక్కారు. తిన్నగా కొస దాకా నడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి, మడమతో నేలను ఒకసారి తట్టి చూశారు. మోకాలు అంచుకు ఆనించి, ఏటి వైపు చూసినట్టు షెడ్డు గోడ వైపు చాలాసేపు చూశారు. ఇదంతా నేను కళ్ళారా చూశాను. చూసి, పాపం, కూర్చోవడానికి చోటు లేక నిలబడ్డారనుకున్నాను.

ఆయన్ని కిందికి దింపి, భుజాలు పట్టుకుని రెండో పడవ కుర్చీలో కూర్చోబెట్టాను. నేను పక్క కుర్చీలో కూర్చుని అరగంట సేపు అటూ ఇటూ తిరిగాను. సీటుకు నలభైకి నలభై వేశాను. షెడ్డు యజమాని కూల్‌డ్రింకు తెప్పించాడు. అది తాగుతూ ఇంకో ఐదు కలిపాను.

“ఎలా ఉందండీ మావయ్యగారూ?”

“ఆయ్, బాగుందండి అల్లుడుగారూ.” కుర్చీ చేతిని కాసేపు తడిమి, “ఇందులో కూర్చునే ఉండాలాండీ?” అన్నారు.

“మీరసలు లేవక్కర్లేదండి,” అన్నాను గర్వంగా.

“ఆయ్,” అన్నారు.

ఆ చివరి ‘ఆయ్’ తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. ఖరీదు డొప్ప పడవ కంటే బాగా ఎక్కువే. కానీ ఆ కుర్చీలూ అద్దమూ విడిగా కొంటే ఎంతవుతుందో చూసుకుంటే ఇదే చవకని తేలింది. అవి అసలు కొనకపోతే ఎంత మిగులుతుందో మాత్రం చూసుకోలేదు.

పడవ లారీలో వచ్చిన రోజు ఊరంతా గట్టెక్కింది. పాస్టరుగారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. మొదలెట్టినప్పుడు ఏటి వైపున్న ఆయన మొహం ఆమెన్ దగ్గరికొచ్చేసరికి మా వైపు తిరిగింది. కళ్ళు తెరిచి, మెత్తగా తిరుగుతోందని మెచ్చుకున్నారు. మామగారి చిన్ననాటి స్నేహితుడు సూరిబాబుగారని ఉన్నారు. ఆయనకూ ఓ పాత చెక్క పడవ ఉంది. ఆయనైతే కుర్చీ ఎక్కి భోజనం వేళ దాకా దిగలేదు.

మర్నాడు పొద్దున్నే నేనూ మామగారూ వేటకు బయలుదేరాం. స్టీరింగు నాది. పాయ మలుపులో ఆయన చెయ్యెత్తితే ఇంజన్ ఆపాను. ఆయన వల చేతుల మీద సర్దుకుని లేవబోయారు. నడుము జాగ్రత్త, కూర్చునే వెయ్యండని వారించాను. నలభై ఏళ్ళు వేట చేసిన మనిషి నా మాట మీద కూర్చునే వల విసిరారు. గుండ్రంగా విచ్చుకోవలసిన వల పిండని లుంగీలా పడవ పక్కనే దబ్బున పడింది. ఆయన నా వంక చూడలేదు. రెండోసారి నన్ను అడక్కుండా లేచి, ఒళ్ళు తిప్పి విసిరారు. మోకాలు తగిలి కుర్చీ గిర్రున తిరిగింది. కుర్చీ చెయ్యి వల అంచును పట్టుకుంది. మిగిలిన వల అద్దం మీదుగా ఎగిరి స్టీరింగుతో సహా నన్ను కప్పేసింది. వల అంచుకు కట్టిన సీసపు గుళ్ళు నా నెత్తి మీద టకటకమని మోగాయి.

ఆ కంగారులో నా కాలు తగిలి స్టీలు క్యారేజీ అల్యూమినియం నేల మీద పడింది. ఆ మోతకు నీళ్ళలో చేపలే కాదు, గట్టు మీద కొంగలు కూడా ఊరొదిలేశాయి. ఆ రోజు మా వలలో పడింది నేనొక్కడినే. పర్వాలేదు, కొత్త కదా అంటూ మామగారు నా చెవులకు చిక్కుకున్న వలను ఓపిగ్గా విడిపించారు.

అప్పుడైనా బుద్ధి రావాలా? రాలేదు. తప్పు పడవది కాదు, అలవాటుదనుకున్నాను. నాలుగు రోజుల్లో అలవాటైపోతుందని ఆయనకే ధైర్యం చెప్పి అమలాపురం వచ్చేశాను.

వారం తిరిగేసరికి శుభవార్త. మామగారు రోజూ వేటకెళ్తున్నారు, చేపలూ పడుతున్నాయి. ఒక రోజు మాకు పండుగప్ప చేప కూడా పంపించారు. ఇక నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. షాపుకొచ్చిన ప్రతివారికీ ఏసీ సంగతి వదిలేసి పడవ సంగతి చెప్పాను. నాన్నగారికి నడుము నొప్పి ఇంకా ఎక్కువైందని సుజాత దిగులుగా చెప్తే, కుర్చీ ఇంకాస్త వెనక్కి వాల్చుకోమని చెప్పు అన్నాను. ఆ మాట అన్న నోటిని ఏం చేసినా పాపం లేదు.

నా సోది వినీ వినీ లాయరుగారికి అలాంటి పడవే కొనాలనిపించింది. చెప్పకుండా వెళ్తే ఉన్నదున్నట్టు కనబడుతుందని, ఒక శనివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆయన్ని గట్టు మీదికి తీసుకెళ్ళాను. ఉన్నదున్నట్టే కనబడింది.

పాయ మలుపులో నా పడవ తళతళలాడుతూ రాటకు కట్టేసి ఉంది. టాపు కింద కుర్చీలో సూరిబాబుగారు కాళ్ళు చాపుకుని గుర్రుపెడుతున్నారు. కాస్త అవతల, సూరిబాబుగారి చిల్లుల చెక్క పడవలో, మా మామగారు నిలబడి వల విసురుతున్నారు. ఎంత అందంగా విచ్చుకుందో ఆ వల. దాన్ని లాగి, చేపలు దులిపి, వెంటనే వంగి డబ్బాతో నీళ్ళు తోడారు. నడుము మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచారు. మళ్ళీ విసిరారు. మళ్ళీ వంగారు.

లాయరుగారు కళ్ళజోడు సర్దుకుని, “మీ పడవ ఏదండీ? చేపలు పట్టేదా, నిద్రపోయేదా?” అని మర్యాదగా అడిగారు.

మా అలికిడికి సూరిబాబుగారు లేచి కూర్చున్నారు. మామగారు నన్ను చూసి, తప్పు చేసింది తానే అయినట్టు గాబరాపడి ఒడ్డుకొచ్చారు. అసలు సంగతి సూరిబాబుగారే చెప్పారు. “రోజూ ఇంతేనండి. చేపలు నా పడవలో పట్టి, ఇందులో వేసుకుని, ఊళ్ళోకి ఇందులోనే వస్తారండి. అల్లుడుగారు కొన్న పడవ ఉత్త చేతుల్తో వచ్చిందని ఎవరూ అనకూడదంటండి.”

ఏ నడుము కోసం పడవ కొన్నానో ఆ నడుమును, నా పరువు కోసం, ఆయన రోజూ పొద్దున్నే ఆ చిల్లుల పడవలో పెట్టి విరగ్గొట్టుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“నాకు చెప్పొచ్చు కదండీ మావయ్యగారూ?”

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. “మీరు బాగుందా అని అడిగేరండి. బాగుందన్నానండి. పనికొస్తుందా అని అడగలేదు కదండీ.” తర్వాత, ఎంతో మొహమాటంగా, “వంగితేనే నొప్పండి. నిలబడితే నాకేం ఉండదండి,” అన్నారు.

కారు డిక్కీలో నా పనిముట్ల పెట్టె ఎప్పుడూ ఉంటుంది. ఆ ఎండలోనే చొక్కా విప్పి పనిలోకి దిగాను. కుర్చీలు విప్పాను. అద్దం విప్పాను. స్టీరింగు పీకి, ఇంజన్ వెనక నుంచి చేత్తో తిప్పుకునేలా మార్చాను. లాయరుగారు పాపం ఒక్కొక్కటీ అందుకుని గట్టు మీద పేర్చారు. చివరికి టాపు బోల్టుల మీద స్పానరు పెట్టినప్పుడు మామగారు ఒక అడుగు ముందుకేసి ఏదో అనబోయారు. ఏమిటండీ అని అడిగాను. ఏం లేదండి అన్నారు. కృతజ్ఞతతో గొంతు పెగల్లేదనుకుని టాపు కూడా ఊడబెరికాను.

అన్నీ పోగా మిగిలింది అచ్చంగా షెడ్డులో నేను వద్దన్న డొప్ప పడవే. కాకపోతే నేల నిండా బోల్టుల కన్నాలు అదనం. అవి నీరు చొరకుండా మూయడానికి మర్నాడంతా పట్టింది. ఏసీ పనిలో నేర్చుకున్నదంతా అక్కడే ఖర్చయింది.

కుర్చీల్లో ఒకటి పాస్టరుగారు, ఒకటి సూరిబాబుగారు తీసుకున్నారు. రెండు నా షాపులో తిరుగుతున్నాయి. గుడ్డ టాపు ఊరి సెంటర్లో బజ్జీల బండి పెట్టుకున్న మంగమ్మగారికి ఇచ్చేశాను. మామగారు ఇప్పుడు తన పడవలో తానే నిలబడి, మోకాలు అంచుకు ఆనించి వల విసురుతున్నారు. నీళ్ళు తోడే పని లేదు. నడుము నెమ్మదించింది. మాటలూ వచ్చాయి. ఇక నుంచి మనసులో మాట దాచకుండా చెప్పాలని వెళ్ళినప్పుడల్లా ఆయన్ని బతిమాలుకుంటూ వచ్చాను. ఆరు నెలలకు ఫలించింది.

“ఒక మాట చెప్పమంటారాండీ అల్లుడుగారూ?”

“చెప్పండి మావయ్యగారూ,” అన్నాను ఆనందంగా.

“ఆ టాపు ఒక్కటీ ఉంచాల్సిందండి. వేటయ్యేక దాని కింద కూర్చుని చద్దన్నం తింటుంటే ప్రాణానికి ఎంతో హాయిగా ఉండేదండి.”

“మరి విప్పుతున్నప్పుడు చెప్పలేదేమండీ?”

“అంత ఎండలో మీరు కష్టపడి విప్పుతుంటే వద్దని ఎలా అంటానండీ?”

వెంటనే మంగమ్మగారి దగ్గరికి పరిగెత్తాను, టాపు వెనక్కి అడుగుదామని. నేను నోరు తెరిచే లోపే ఆవిడ, మీరిచ్చిన నీడ వల్ల నాలుగు బేరాలు ఎక్కువవుతున్నాయని దండం పెట్టి, వేడి బజ్జీలు చేతిలో పెట్టింది. బాగున్నాయా అని కూడా అడిగింది. ఆయ్, బాగున్నాయండి అని తినేసి తిరిగొచ్చాను. మామగారు ఇప్పుడు వేట ముగించుకుని, చద్దన్నం గిన్నె పట్టుకుని, ఆ బజ్జీల బండి పక్కన టాపు నీడలో నిలబడి తింటున్నారు.

కాబట్టి, నా షాపులో తిరుగుతున్న ఆ రెండు కుర్చీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఎవరికీ ఏదీ కూర్చుని ఎంచను. మా మామగారిని ‘బాగుందా’ అని అడగను. ‘పనికొస్తుందా’ అని కూడా అడగను, దానికీ ఆయ్ అనే అంటారు. నేను స్పానరు పట్టుకున్నప్పుడు ఆయన ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, స్పానరు కింద పెట్టేస్తాను.