దయ్యం వేషగాడు

తిరుప్పూరు బనియన్ కంపెనీలో ఇస్త్రీ చేసే కుళందైసామి ఏటా మారియమ్మ పండుగ నాటకంలో దయ్యం వేషం కడతాడు. రాణి మీద లేనిపోనివి రాజు చెవిలో ఊదుతాడు. రాజు నమ్మి ఆమెను నరికేస్తాడు. ఈ ఏడు ఆట ముగిసి ముఖాన రంగు కడుక్కుంటుంటే వెనకవీధి వినోదిని వచ్చింది. ఆమె చెంప కమిలి ఉంది.

"అన్నా, మా ఇంటాయన చెవిలోనూ ఏదో పేయి, దయ్యం, నన్ను గురించి చెప్తా ఉండాది. నువ్వొచ్చి దాన్ని ఓట్టి తరిమెయ్యన్నా."

"అది వట్టి వేషం, తల్లీ" అని నవ్వేశాడు కానీ, మనసు ఊరుకోక మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాడు.

"వాంగణ్ణా, రండి! రాత్రి మీ ఆట చూసి ఒళ్ళు జలదరించె" అంటూ ఆమె భర్త మర్యాదగా కూర్చోబెట్టాడు. వినోదిని కాఫీ ఇచ్చి, ఆశగా చూస్తూ గుమ్మంలో నిలబడింది. కుళందైసామి కాఫీ తాగాడు, ఆ మాట ఎత్తలేక లేచి వచ్చేశాడు. ఇప్పుడు ఆమె ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతాడు.