నా స్టిక్కు పట్టినవాడే నా టీములోకి

1974 నాటి సంగతి. అఫ్జల్‌గంజ్‌లో మాది ఆటసామాన్ల దుకాణం. క్యారంబోర్డులు, ఫుట్‌బాళ్లు కూడా ఉండేవి గానీ మా ఇల్లు గడిచింది హాకీ స్టిక్కుల మీదే. స్టిక్కు అమ్మడమంటే గల్లా ముందు కూర్చుని చేసే పని కాదు. చేత్తో ఎత్తి బరువు చూడాలి. కింద వంపు తిరిగిన భాగాన్ని హెడ్ అంటారు. కర్రలోని చారలు ఆ వంపుతోపాటే తిరిగాయో లేదో చూడాలి. చేతికి జారకుండా పైన గ్రిప్ చుట్టి ఇవ్వాలి. గ్రిప్ చుట్టడంలో నాకు పేరుండేది. బేరంలో ఇంకా పెద్ద పేరు. పెళ్లిచూపుల్లో తాంబూలం ధర అడిగానని మా అమ్మ అందరికీ చెప్పేది. అది అబద్ధం. నేనడిగింది కుర్చీల అద్దె.

పురానాపూల్ దగ్గరి మైదానంలో ఆదివారాలు బస్తీ టీములకు లీగ్ పోటీలు జరిగేవి. మా వరుస దుకాణదారులం ఒక సరదా పెట్టుకున్నాం. ఆడే టీములన్నింటిలోంచి నచ్చిన పదకొండు మందిని ఏరుకుని ఎవరికి వారు ఒక ఉత్తుత్తి టీము కట్టుకోవాలి. ఆ పదకొండు మందీ కలిసి ఆడేది ఎక్కడా లేదు, ఎవరి బస్తీకి వాళ్లు ఆడతారు. వాళ్లు గోల్ కొట్టినా, పడబోయే గోల్ ఆపినా మనకు పాయింట్లు. సీజన్ చివర్లో అందరికన్నా వెనకబడ్డవాడు వరుసంతటికీ మిర్చి బజ్జీలు పెట్టించాలి. హాకీ సామాన్లు అమ్మేది నేను. ఏటా బజ్జీలు పెట్టించేదీ నేనే. అంపైర్లను తిట్టుకుంటూ పెట్టించేవాడిని.

ఆ ఏడు ఒక సర్కారు ఫ్యాక్టరీ హాకీ మేనేజరు మా దుకాణానికి వచ్చారు. వాళ్ల టీముకు ఫుల్‌బ్యాక్ కావాలట. గోల్‌కీపరుకు ముందు నిలబడి, వచ్చిన బంతిని బయటికి తీసేవాడు.

"మీ బస్తీలల్ల ఆడేటోళ్లు అందరు మీకు ఎరికే. ఒక్క పేరు చెప్పుండ్రి. ట్రయల్‌ల నిలబడితే పర్మనెంటు నౌకరీ" అన్నారు.

ఒక బస్తీ టీముకు ఫుల్‌బ్యాక్‌గా ఆడే ప్రభాకర్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దేనికైనా వెంటనే ఊ అనడం మా ఇంటావంటా లేదు. సోమవారం చెప్తానన్నాను.

సాయంత్రం పక్కనున్న తాళాల దుకాణం రహమత్ భాయ్‌కి ఈ మాట చెప్పి, ప్రభాకర్ పేరు ఇద్దామనుకుంటున్నానన్నాను.

"ప్రభాకరే ఎందుకు?" అన్నాడాయన.

"నా ఉత్తుత్తి టీముల గూడ వాడే ఫుల్‌బ్యాక్, భాయ్. మస్తు ఆడ్తడు."

"ఇంకెవరెవరున్నరు నీ టీముల? చెప్పు, వింట."

వరసగా పేర్లు చెప్పాను. పేరు పేరుకీ ఆయన మా దుకాణం బోర్డు వైపు చూస్తూ తల ఊపాడు. చివరికి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అరె సేఠ్, గిది టీమా, నీ గిరాకీలా? అందరు నీ తాన స్టిక్కు కొన్నోళ్లే!"

"మంచి ఆటగాడు మంచి స్టిక్కు కొంటడు. గండ్ల తప్పేంది?"

"మరి యాదగిరి?"

నా మొహం మాడింది. యాదగిరి సైకిళ్లు బాగుచేసే కుర్రాడు. ప్రభాకర్ టీములోనే రెండో ఫుల్‌బ్యాక్. ఒకసారి మా దుకాణానికొచ్చి స్టిక్కు ధర అడిగి, "గంతనా అన్నా? స్టిక్కుతోటి మైదానం గూడ ఇస్తున్నవా?" అనేసి వెళ్లిపోయాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పటినుంచి సైకిల్ ట్యూబు చుట్టిన అతని పాత స్టిక్కును చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

"ఈ ఆదివారం స్టిక్కుల దిక్కు సూడకు" అన్నాడు రహమత్ భాయ్. "బాల్ గోల్ కాడికొచ్చినప్పుడు ఎవడు బయటికి తీస్తున్నడో గదొక్కటే సూడు. నౌకరీ అంటే ఒకని బతుకు, భాయ్. బజ్జీల ముచ్చట కాదు."

ఆదివారం వెళ్లి కూర్చున్నాను. అంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు. నేను చుట్టిన గ్రిప్ ఎక్కడుంటే నా చూపు అక్కడికే పోయేది. ప్రభాకర్ ముందుకురికి ఠప్పున కొడితే, ఆ చప్పుడుకే "వాహ్" అనేశాను. చూపు లాక్కొచ్చి బంతి మీద పెట్టాను. అప్పుడు కనబడింది. ప్రభాకర్‌ను దాటిన బంతి ఎటు వెళ్లబోతోందో ముందే తెలిసినట్టు యాదగిరి అక్కడ నిలబడి ఉండేవాడు. హడావుడి లేదు, చప్పుడు లేదు. బంతి వచ్చి అతని కాళ్ల ముందు బుద్ధిగా ఆగేది. ఇన్నాళ్లూ ఆ బస్తీ టీము మీద గోల్ పడకపోతే నేను ప్రభాకర్‌ను మెచ్చుకుంటూ వచ్చాను!

పరాయి సరుకులో వంక పట్టడంలో నన్ను మించినవాడు ఆ వరుసలో లేడు. నా సరుకు మైదానంలోకి దిగేసరికి మాత్రం అది గెలవాలన్న ఆశే తప్ప నాకు చూపు లేదు. నా ధరను ఎగతాళి చేసినవాడైతే అసలు కళ్లకే ఆనలేదు.

సోమవారం మేనేజరుకు యాదగిరి పేరు చెప్పాను. ట్రయల్‌లో అతను నిలబడ్డాడు. నౌకరీ వచ్చింది.

తర్వాత ప్రభాకర్ దుకాణానికొచ్చాడు. "ఏందన్నా, నా పేరు చెప్పలేదంట?"

దాచలేక ఉన్నదున్నట్టు చెప్పాను. గిరాకీ పోయిందనే అనుకున్నాను. అతను స్టూలు మీద కూర్చున్నాడు.

"మంచి పని జేసినవే. నేను గంత జోరుగ ముంగటికురికేది ఎందుకనుకున్నవ్? ఎనక యాదన్న ఉన్నడనే గదా. నన్నడిగినా ఆయన పేరే చెప్తుంటి."

మైదానంలో ఉన్నవాడికి తెలిసిన సంగతి గట్టున కూర్చున్న నాకు తెలియలేదు. ఆ తర్వాత పనివాడి గురించి గానీ, అద్దెకు దిగేవాడి గురించి గానీ ఎవరైనా నన్నడిగితే, ఇతను నా దుకాణం మెట్టు ఎక్కకపోయినా ఈ మాటే అంటానా అని ఒకసారి ఆగి చూసుకోవడం నేర్చుకున్నాను. రహమత్ భాయ్ రుణం నా మీద అలాగే ఉంది. ఆయన ఆ సాయంత్రం నవ్వకపోయి ఉంటే ఒక మనిషి నౌకరీ నా దుకాణం దగ్గరే ఆగిపోయేది. ఆగిపోయిందని నాకు ఎప్పటికీ తెలిసేదీ కాదు.