అగ్గిపెట్టె బాలకిషన్

నాంపల్లి బాలకిషన్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే. గుడ్డ కనబడితే చాలు, అంచునుంచి ఒక పోగు లాగుతాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి దాన్ని కాలుస్తాడు. కళ్లు మూసుకుని ఆ పొగ వాసన చూస్తాడు. కాగితం కాలిన వాసన వస్తే నూలు. కరిగి నల్లపూసలా ముద్దకడితే పాలిస్టర్. ఆ గుడ్డ ఎవరి ఒంటి మీద ఉందన్నది ఆయనకు పట్టదు. మేనల్లుడి పెళ్లిలో అక్షింతలు వెయ్యడానికని వేదిక ఎక్కి, పెళ్లికొడుకు షేర్వాణీ పోగు లాగి వచ్చాడు. అబిడ్స్ సిగ్నల్ దగ్గర చలాన్ రాస్తున్న పోలీసాయన చొక్కా అంచు పట్టుకున్నాడు. ఒక చలాన్‌తో పోయేది రెండయింది. చావింటికి తీసుకెళ్లడం మరీ ప్రమాదం. ఒకసారి శవం మీద కప్పిన గుడ్డను వేళ్ల మధ్య నలిపి, "పాలిస్టర్ కప్పిన్రేందిరా! పెద్దాయనకు ఉబ్బరిస్తది" అన్నాడు. ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపి, నిజంగానే శవం వైపు చూశారు.

తాతలనాటి బట్టల దుకాణం మూసేశాక బాలకిషన్ ఎరువు తయారీలో పడ్డాడు. అబిడ్స్ టైలర్ల దగ్గర మిగిలిన కత్తిరింపు ముక్కలు, నూలు మిల్లు నేల మీద ఊడ్చిన దూది చెత్త ట్రాలీ ఆటోలో ఇంటికి వస్తాయి. పెరట్లో వాటిని పేడతో, నీళ్లతో కలిపి, మనిషి పొడుగున కుప్పలు పోసి, పైన తడి దుప్పట్లు కప్పుతాడు. బాగా మాగాక షాద్‌నగర్ వైపు కూరగాయలు పండించే రాజయ్య వచ్చి పట్టుకెళ్తాడు. పాలిస్టర్ పోగు కలిస్తే అది చావదు, కుళ్లదు, వంగమొక్కల వేళ్లకు చుట్టుకుంటుందని రాజయ్య ఒకసారి మొత్తుకున్నాడు. అగ్గిపెట్టె జేబులోకి వచ్చింది ఆ రోజే.

ఈ సంగతి తెలిసినవాళ్లకు బాలకిషన్ అంటే నవ్వు. ఆయన ఇంట్లో కొత్తగా కిరాయికి దిగిన కోటేశ్వరమ్మకు మాత్రం వణుకు. ఆవిడ గుడివాడ వైపు నుంచి వచ్చి ఎప్పుడో హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబంలో మనిషి. జాకెట్లు కుట్టి సంసారం ఈదింది. కాన్పుకు వచ్చిన కూతురు భవ్యశ్రీ, పొత్తిళ్లలో మనవరాలు ఆవిడ దగ్గరే ఉన్నారు. పెరట్లోవి ఎరువు కుప్పలని ముందే చెప్పారు. ఎరువుకు ముసుగెందుకని ఆవిడ నమ్మలేదు.

దిగిన మర్నాడే, వాన వెలిసిన తెల్లవారుజామున కిటికీ తీసింది. పెరట్లో వరసగా తెల్లటి ముసుగులు, వాటిలోంచి ఆవిరి. నాంపల్లి స్టేషన్‌లోకి రైలేదో వచ్చినట్టుంది, నేల అదిరింది, ముసుగులు సన్నగా కదిలాయి. వాటి మధ్య బాలకిషన్ గొంతుక్కూర్చుని, ఒక ముసుగు కిందకు చెయ్యి పోనిచ్చి మాట్లాడుతున్నాడు.

"మంచిగ కాలుతున్నవు బిడ్డా. నిన్న పెట్టిందంతా తిన్నవా? ఇంకా ఆకలున్నదా?"

కోటేశ్వరమ్మ కిటికీ వేసి, గడియ పెట్టి, దానికి పీట కూడా ఆనించింది.

నెల తిరగకుండానే పాప ఒళ్లంతా ఎర్రగా చెమటకాయలు పేలాయి. రాత్రనక పగలనక ఒకటే ఏడుపు. దవాఖానలో డాక్టరమ్మ చూసి, "గాలాడే నూలు బట్టలే వెయ్యండి" అంది.

"నూలేనండీ! తాను గుడ్డ కొని నా చేత్తో నేనే కుట్టాను" అంది కోటేశ్వరమ్మ గర్వంగా.

ఇంటికొచ్చి, తీగ మీది గౌన్లు తీస్తుంటే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ప్రతి గౌను అంచునా ఒక పోగు లేదు. ఒక గౌను అయితే మొత్తానికే లేదు. పిట్టగోడ మీద కాలిన అగ్గిపుల్లలు, పక్కనే చిన్న చిన్న నల్లపూసలు.

"చేతబడేనే!" అంది కూతురితో.

"అమ్మా, ఆయనకు అందరి బట్టలూ కాల్చే అలవాటు" అంది భవ్యశ్రీ.

"అందరికీ చేస్తున్నాడన్నమాట!"

మర్నాటి నుంచి కొత్త భయం. పొద్దున్నే గడప మీద మడతపెట్టిన మెత్తటి తెల్లగుడ్డ. పొత్తిళ్లకు పనికొచ్చేంత ముక్క. అది చూసి కోటేశ్వరమ్మకు శవం మీద కప్పేదే గుర్తొచ్చింది. పటకారుతో పట్టుకుని తీసుకెళ్లి కుప్పలో కుక్కి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ ఒకటి వచ్చింది. మళ్లీ కుక్కింది. బాలకిషన్ ఎదురుపడి, "అమ్మా, పాప గౌను గురించి జర ఒక మాట..." అని మొదలుపెడితే చాలు, "మీకు దణ్ణం పెడతాను అన్నయ్యగారూ!" అంటూ తలుపు మూసేది. మూసిన తలుపు వెనకనుంచి ఆంజనేయ దండకం గట్టిగా వినిపించేది.

ఒక మధ్యాహ్నం ఆయన పెరట్లో ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు. "పసిపిల్ల గౌను కుప్పల పెట్టి నెలయింది. ఇంకా ముట్టలే. రేపు తీసి నీ దగ్గరికే తెస్త."

ముట్టలేదంట! ముట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకుని కోటేశ్వరమ్మ దండకం అందుకుంది. లోపల పాప ఏడుస్తోంది. ఆ ఏడుపే ఆవిడకు ధైర్యమిచ్చింది.

సాయంత్రం బాలకిషన్ మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లడం చూసుకుని పెరట్లోకి దిగింది. మబ్బు కమ్మి ఉంది, కరెంటు లేదు. ఒక చేతిలో విభూతి, ఒక చేతిలో అట్లకాడ. ముసుగు తీసి కుప్పలో చెయ్యి పెట్టింది. జ్వరమొచ్చిన ఒంటిలా కాలింది. తవ్వింది. తను కుక్కిన తెల్లగుడ్డలు తగిలాయి. లాగబోతే నానిన అప్పడాల్లా చేతిలోనే విడిపోయాయి. ఇంకా లోపలికి తవ్వింది. వేళ్లకు చిన్న చెయ్యి ఒకటి తగిలింది.

గౌను చెయ్యి. లాగితే మొత్తం గౌను వచ్చింది. చుట్టూ అంతా నల్లటి మట్టయింది గానీ, గౌను చెక్కుచెదరలేదు. బొత్తాలు కూడా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

కోటేశ్వరమ్మ వేసిన కేకకు గల్లీ అంతా పెరట్లోకి వచ్చింది. ఎదురింటి విద్యావతి ముందు వచ్చింది. "ఏమైంది? ఏంది గది?"

సీతాఫలాల సంచితో అప్పుడే గేటు తీస్తున్న బాలకిషన్ గౌనునీ చూశాడు, జనాన్నీ చూశాడు. కోటేశ్వరమ్మ నోరు తెరవకముందే, "ఏం లే. నేనే గౌను దొంగతనం చేసిన. దొరికిపోయిన" అన్నాడు.

"గీ వయసుల గిదేం బుద్ధన్నా?" అంది విద్యావతి. "పసిపిల్ల గౌను ఎత్తుకపోతవా?"

"ఔ. తప్పయింది" అని బాలకిషన్ తల వంచుకున్నాడు.

కోటేశ్వరమ్మ ఒక చేతిలోని గౌనునీ, ఇంకో చేతిలో పీలికలైన గుడ్డనూ మార్చి మార్చి చూసింది. కుట్టుపనిలో పండిన చేతులవి. ఇంకొకరు చెప్పక్కర్లేదు. నూలని కొన్న తానులో నూలు లేదు. నెల రోజులుగా పిల్లను ఏడిపించింది తను కుట్టిన గౌనే.

"కాల్చి చూసిన రోజే నాకెందుకు చెప్పలేదండీ?" అంది గొంతు తగ్గించి.

"నువ్వు తలుపేస్తివి. బయట నలుగుర్ల ఎట్ల చెప్త? అమ్మమ్మ కుట్టిన గౌనాయె" అన్నాడు ఆయన అంతకన్నా మెల్లగా. "పూస చూపెడితే నీకు గుడ్డ అమ్మిన దుకాణపోడు నమ్మలే. అందుకే కుప్పల పెట్టిన. నూలైతే ఈపాటికి మట్టయ్యేది. నీ కుట్టుకు వంక లేదమ్మా. బట్టనే దగా."

ఆ మాటకు ఆవిడకు సిగ్గూ, ఆయన మీద ప్రేమా రెండూ ఒక్కసారే పొంగుకొచ్చాయి. గౌను పైకెత్తి అందరికీ వినబడేలా, "ఇది నేను కుట్టిందే! పాలిస్టరు! పిల్లకి పేలింది దీనివల్లే. అన్నయ్యగారు మంచి నూలు గుడ్డలు తెచ్చి గడపలో పెడితే, కళ్లకద్దుకోవాల్సింది పోయి ఎరువులో కలిపాను. తిట్టాలంటే నన్ను తిట్టండి!" అంది.

ఎవరూ తిట్టలేదు. విద్యావతి గబగబా తన కొంగు చూసుకుంది.

బాలకిషన్ ఇంట్లో మిగిలిన మెత్తటి మల్లు నూలుగుడ్డ తాను తెచ్చి ఇచ్చాడు. దీపాలు పెట్టే వేళకు కోటేశ్వరమ్మ ఒక చిన్న చొక్కా కుట్టి పాపకు తొడిగింది.

మర్నాడు ఎండ కిటికీలోకి వచ్చేదాకా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఏడుపు వినబడక కోటేశ్వరమ్మ పరుగున వచ్చి పాప ముక్కు దగ్గర వేలు పెట్టింది. అంతలో తలుపు చప్పుడు. బాలకిషన్ మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, పాప సప్పుడు లేదు. మంచిగున్నదా?"

ఇద్దరూ వంగి చూస్తుంటే పక్కనుంచి భవ్యశ్రీ ఒక కన్ను తెరిచింది.

"ఏడిస్తే భయం, ఏడవకపోతే భయం! నెల తర్వాత ఇవాళే పడుకున్నాం. ఇద్దరూ బయటికి నడవండి!"

పెద్దవాళ్లిద్దరూ మునివేళ్ల మీద, ఒకరి వెనక ఒకరు, బయటికి నడిచారు.